వ్యాఖ్యానం ఎప్పుడు తెరవాలి?

ప్రశ్న: మా సంఘంలో ప్రతి వారం పెద్దలకు పాత నిబంధన క్లాసు చెబుతున్నాను. ఇప్పుడు ఆదికాండము మొదలుపెట్టాం. బాగా సిద్ధపడాలని నాలుగు వ్యాఖ్యాన గ్రంథాలు సంపాదించాను. చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు. క్లాసులో ‘ఫలానా పండితుడు ఇలా అన్నారు, ఇంకొకాయన అలా అన్నారు’ అని చెబుతుంటే వినేవాళ్లకు ఆసక్తి పోతోంది. మా సంఘ పెద్ద ఒకాయన ‘వాక్యం ఉండగా ఈ పుస్తకాలన్నీ ఎందుకమ్మా’ అన్నారు. వచ్చే వారం కయీను, హేబెలు అధ్యాయం చెప్పాలి. వ్యాఖ్యానాలను ఎలా వాడుకోవాలి? పండితుల మధ్య ఉన్న భేదాలు క్లాసుకు చెప్పాలా, వద్దా? నాకు హీబ్రూ రాదు, నేర్చుకోవాల్సిందేనా?
– ఒక సోదరి

జవాబు: సోదరీ, ముందు వచ్చే వారం సంగతి చూద్దాం. ఆ నాలుగు పుస్తకాలూ రెండు మూడు రోజులు పక్కన పెట్టండి. ఆదికాండము 4వ అధ్యాయం ఒక్కటే చదవండి. మన పాత తెలుగు అనువాదంలో ఒకసారి, వాడుక భాషలో వచ్చిన అనువాదంలో ఒకసారి, పైకి వినబడేలా మరోసారి. చదువుతూ ఎక్కడ అర్థంకాక ఆగిపోతారో అక్కడ నోట్‌బుక్‌లో ఒక ప్రశ్న రాసుకోండి. జవాబు రాయకండి. దేవుడు కయీను అర్పణను ఎందుకు లక్ష్యపెట్టలేదు? పొలంలోకి వెళ్లకముందు కయీను తమ్ముడితో ఏం మాట్లాడాడు? కనబడినవాడల్లా తనను చంపుతాడని భయపడ్డాడే, అప్పటికి లోకంలో ఇంకెవరున్నారని? తమ్ముణ్ణి చంపినవాడికి ఎవరూ హాని చేయకుండా దేవుడే ఒక గుర్తు ఎందుకు వేశాడు? ఇలాంటివి కొన్ని పోగయ్యాక వ్యాఖ్యానాలు తెరవండి.

ప్రశ్న లేకుండా తెరిస్తే వ్యాఖ్యాత చెప్పిందంతా ముఖ్యమే అనిపిస్తుంది. ఏది వదిలేయాలో తెలియక అంతా క్లాసుకు మోసుకెళ్తాం. మీకు జరుగుతున్నది ఇదే. ప్రశ్న చేతిలో పెట్టుకుని వెళ్తే ఎవరు దాన్ని ఎదుర్కొన్నారో, ఎవరు పట్టించుకోకుండా దాటిపోయారో ఇట్టే తెలుస్తుంది. అప్పుడు ప్రతి అభిప్రాయం దగ్గరా ఆగి, ‘ఈయన లేఖనంలో ఏం చూసి ఇలా అన్నాడు?’ అని అడగండి. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. మీ క్లాసుకు కావలసింది పండితుడి అభిప్రాయం కన్నా ఆయన చేత అలా అనిపించిన వచనం.

కయీను అర్పణ సంగతే తీసుకోండి. పదకొండో శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని త్రోయ నగరంలో జీవించిన యూదు వ్యాఖ్యాత రాషీ (1040–1105), కయీను తెచ్చింది నాసిరకం పంట అంటాడు. లేఖనం ఆ మాట ఎక్కడా అనలేదు కదా, మరి ఈయనకెలా తెలిసింది? మూడు, నాలుగు వచనాలు పక్కపక్కన పెట్టి చూడండి. హేబెలు తెచ్చినవి ‘తొలుచూలున పుట్టినవాటిలో క్రొవ్విన’వి. కయీను తెచ్చింది ‘పొలముపంటలో కొంత’. తమ్ముడి కానుక ఎంత మేలైనదో రెండు విధాలుగా చెప్పిన రచయిత అన్న కానుక గురించి ఒక్క మంచి మాటా చెప్పలేదు. తొలిపంట అనలేదు, మంచి పంట అనలేదు. రాషీ ఆ తేడాను పట్టుకున్నాడు.

ఇంకొందరు కానుకను వదిలి మనిషిని చూశారు. దేవుడు ‘హేబెలును అతని యర్పణను’ లక్ష్యపెట్టాడు అని ఉంది. ముందు మనిషి, తర్వాత అర్పణ. కయీను విషయంలోనూ వరుస అదే. కాబట్టి తేడా అర్పించినవాళ్ల హృదయంలో ఉందంటారు. విశ్వాసాన్నిబట్టి హేబెలు శ్రేష్ఠమైన బలి అర్పించాడని హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం చెప్పేదీ ఈ దారిలోనే. ఇక ఆధునిక పండితుల్లో చాలామంది, ఇక్కడ కారణం చెప్పకపోవడం రచయిత కావాలని చేసిన పని అంటారు. వాళ్ల ఆధారం ఆరు, ఏడు వచనాలు. అక్కడ దేవుడు కయీనుతో మాట్లాడుతూ అర్పణ ఊసే ఎత్తడు. ఇక ముందు నువ్వేం చేస్తావన్నదే ఆయన అడుగుతాడు. తనకు దక్కనిది తమ్ముడికి దక్కినప్పుడు మనిషి ఏం చేస్తాడన్నదే ఈ కథ అని వాళ్ల వాదన. ఆదికాండములో ఇస్సాకు, యాకోబు, యోసేపు, ఎఫ్రాయిము, ఇలా వరుసగా చిన్నవాళ్లే ముందుకు రావడం గమనిస్తే ఆ వాదనకు బలం పెరుగుతుంది. నేను కూడా దానివైపే మొగ్గుతాను. ఎందుకంటే కారణం తెలియకుండా పక్కన పెట్టబడ్డ బాధ మన క్లాసుల్లో కూర్చున్న చాలామంది ఎరిగినదే, దేవుడు కయీనుతో అన్న మాట వాళ్లకు సూటిగా తగులుతుంది.

ఇప్పుడు ఈ మూడింటినీ క్లాసులో ఎలా పెట్టాలి? పేర్లతో మొదలుపెట్టకండి. ఆ రెండు వచనాలూ బోర్డు మీద రాసి ‘ఇద్దరి కానుకల్లో తేడా ఏం కనిపిస్తోంది?’ అని అడిగి కాసేపు ఊరుకోండి. ఎవరో ఒకరు రాషీ చెప్పిందే చెబుతారు. అప్పుడు చెప్పండి, ‘మీరు చూసిందే తొమ్మిది వందల ఏళ్ల కిందట ఒక మహా పండితుడూ చూశాడు’ అని. ఆ మాట విన్న మనిషి ఇక ఎప్పుడూ బైబిల్‌ను పరాకుగా చదవలేడు. తర్వాత ‘ముందు మనిషి పేరుందా, అర్పణ ఉందా?’ అని అడగండి. ఆ తర్వాత ‘కారణం ఎక్కడైనా రాసి ఉందా?’ అనండి. మూడు వ్యాఖ్యానాలూ వాళ్ల నోటినుంచే వస్తాయి. చివర్లో మీరు దేనివైపు మొగ్గుతున్నారో, ఎందుకో చెప్పండి. చెప్పకుండా తప్పించుకోవద్దు. టీచర్ అభిప్రాయం తెలియకపోతే వినేవాళ్లు గాలిలో వదిలేసినట్టు బాధపడతారు.

ఈ పద్ధతిని నాకన్నా ఎంతో గొప్పగా నడిపినవారు నెహామా లీబోవిట్జ్ (1905–1997). యెరూషలేములో బోధించిన ఈ యూదు ఉపాధ్యాయిని 1942 నుంచి దాదాపు ముప్పై ఏళ్లపాటు, ఆ వారం సమాజమందిరాల్లో చదివే తోరా (మోషే ధర్మశాస్త్రం) భాగం మీద ప్రశ్నపత్రాలు తయారుచేసి అడిగినవాళ్లకు పంపారు. జవాబులు రాసి పంపితే స్వయంగా దిద్ది తిప్పి పంపేవారు. ఒకే వచనం మీద ఇద్దరు ముగ్గురు వ్యాఖ్యాతల మాటలు పక్కపక్కన ఇచ్చి, ‘వీళ్ల మధ్య తేడా ఏమిటి? ఈ వచనంలో రాషీకి ఏం ఇబ్బంది కనిపించింది?’ అని అడగడం ఆమె ప్రత్యేకత. వ్యాఖ్యాత నోరు తెరిచాడంటే వచనంలో ఏదో చిక్కు ఉండి ఉండాలి, ముందు ఆ చిక్కును కనిపెట్టమనేవారు. ఆమె ఎంత పేరున్న పండితురాలైనా సమాధి మీద ‘ఉపాధ్యాయిని’ అన్న ఒక్క మాటే ఉండాలని కోరుకున్నారు. మీలాగా ప్రతి వారం క్లాసుకు సిద్ధపడేవాళ్లకు ఆమె గురించి తెలియడం ధైర్యాన్నిస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

పండితులు ఒకరినొకరు కాదనడం చూసి కలత పడుతున్నారు. యూదుల సంప్రదాయంలో అది దాచుకునే విషయమే కాదు. 1525లో వెనిస్‌లో డేనియల్ బాంబెర్గ్ ముద్రణాలయం పూర్తిచేసిన రబ్బీల బైబిల్ చూస్తే పేజీ మధ్యలో హీబ్రూ మూలం, పక్కన అరామిక్ అనువాదం, చుట్టూ రాషీ, ఇబ్న్ ఎజ్రా వంటివారి వ్యాఖ్యానాలు ఉంటాయి. ఒకరితో ఒకరు వాదించుకునేవాళ్లు ఒకే పేజీలో, అదే మూలం చుట్టూ కూర్చుంటారు. పదమూడో శతాబ్దపు యూదు వ్యాఖ్యాత నహ్మనిదీస్ ఎన్నోచోట్ల ముందు రాషీ మాటను గౌరవంగా ఎత్తి చెప్పి, ఆ తర్వాత ఒప్పుకోనంటాడు. అంతెందుకు, కరువులో అబ్రాహాము ఐగుప్తుకు వెళ్లి భార్యను చెల్లెలని చెప్పిన సంగతి దగ్గర, మన తండ్రి అబ్రాహాము తెలియకుండానైనా పెద్ద పాపమే చేశాడని నిర్మొహమాటంగా రాశాడు. లేఖనం మీద ఆయనకున్న భక్తిని ఎవరూ శంకించలేదు. కాబట్టి భేదాలు చెప్పాలా అంటే, చెప్పాలి. కానీ అన్నీ కాదు. వచనం అర్థాన్ని నిజంగా మార్చేవి మాత్రమే, అదీ ఒక క్లాసులో రెండు మూడుకు మించకుండా.

మీ సంఘ పెద్దగారి మాటకు వస్తాను. ఆయన భయం అర్థం చేసుకోదగ్గదే. వాక్యం పక్కకు పోయి పుస్తకాలు ముందుకొస్తాయని ఆయన బెంగ, అలా జరిగిన క్లాసులు ఆయన చూసే ఉంటారు. ఆయనతో వాదించకండి, నెహెమ్యా 8వ అధ్యాయం కలిసి చదవండి. ఎజ్రా ధర్మశాస్త్ర గ్రంథం తెరిచినప్పుడు లేవీయులు ‘జనులు బాగుగా గ్రహించునట్లు దానికి అర్థము చెప్పిరి’ అని అక్కడే ఉంది. అర్థం చెప్పడం లేఖనంలోనే మొదలైంది. పైగా, ఉత్త వాక్యం మాత్రమే చదువుతున్నామని మనం అనుకునేటప్పుడు కూడా ఎంతోమంది సాయం తీసుకుంటూనే ఉన్నాం. అనువాదకుల సంగతి సరే. ప్రాచీన హీబ్రూ ప్రతుల్లో హల్లులే ప్రధానం. అచ్చుల గుర్తులన్నీ మసోరెటులు అనే లేఖకులు తరతరాల ఉచ్చారణను కాపాడుతూ పెట్టినవి, ఆ పని పదో శతాబ్దానికి ఒక కొలిక్కి వచ్చింది. అధ్యాయాల విభజన ఇంకా తర్వాతిది, పదమూడో శతాబ్దపు ఇంగ్లండ్ ఆర్చిబిషప్ స్టీఫెన్ లాంగ్టన్ చేశాడని చెబుతారు. యెషయా 53వ అధ్యాయం అందరికీ ఇష్టమే, కానీ ఆ పాట 52:13 దగ్గరే మొదలవుతుంది. అధ్యాయం గీత అడ్డం రావడం వల్ల ‘నా సేవకుడు హెచ్చింపబడతాడు’ అన్న మొదటి మాట వదిలేసి బాధల దగ్గరనుంచి చదువుతాం. మంచి వ్యాఖ్యానం ఏదైనా ఆ భాగం మొదట్లోనే ఈ సంగతి చెబుతుంది. పెద్దగారికి ఈ ఒక్క ఉదాహరణ చూపించండి చాలు.

మీ దగ్గరున్న నాలుగూ ఏవో రాయలేదు. ఏవైనా సరే, ముందు ముందుమాట చదవండి, ఎవరికోసం రాశారో చూడండి, అచ్చయిన సంవత్సరం చూడండి. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేవి ఎక్కువగా పాతవి. 1714లో కన్నుమూసిన మాథ్యూ హెన్రీ, పంతొమ్మిదో శతాబ్దపు కైల్, డెలిట్జ్ లాంటివాళ్లవి. హెన్రీలో ఆత్మకు తగిలే మాటలు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి, నాకు చాలా ఇష్టం. కానీ చరిత్ర నేపథ్యం కోసం ఆయన దగ్గరికి వెళ్లకూడదు. ఇరాక్ మట్టిపలకల్లోని బబులోను జలప్రళయ కథను జార్జి స్మిత్ చదివి ప్రకటించింది 1872లో. కనానీయుల పురాణాలు బయటపడ్డ, సిరియాలోని ఉగరిత్ తవ్వకాలు మొదలైంది 1929లో. మృత సముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో చుట్టలు దొరకడం మొదలైంది 1947లో. అంతకుముందు రాసినవాళ్లకు ఇవి తెలిసే వీలే లేదు. ఒక పాతది, ఒక కొత్తది, వీలైతే ఒక యూదు వ్యాఖ్యానం దగ్గరుంటే ఒక గ్రంథం బోధించడానికి సరిపోతుంది. పెద్ద సెట్లు కొనకండి. ఒకే సెట్‌లో ఒక్కో సంపుటం ఒక్కొక్కరు రాస్తారు, ఒకటి అద్భుతంగా ఉంటే ఇంకొకటి చప్పగా ఉంటుంది. హీబ్రూ అక్షరాలతో నిండిన సాంకేతిక వ్యాఖ్యానమైతే వచనాల మీద చర్చ పక్కన పెట్టి, ప్రతి భాగం ముందూ వెనకా ఉండే సారాంశాలు చదవండి.

కయీను ఏం మాట్లాడాడని పైన రాసుకోమన్న రెండో ప్రశ్న దగ్గర వ్యాఖ్యానం లేకుండా ముందుకు వెళ్లలేం. ‘కయీను తన తమ్ముడైన హేబెలుతో మాటలాడెను’ అని మన తెలుగులో ఉంది. హీబ్రూలో ‘అన్నాడు’ అని ఉండి, ఏమన్నాడో లేదు. వెంటనే ఇద్దరూ పొలంలో ఉన్నారు. గ్రీకు అనువాదం సెప్టువజింట్‌లోనూ, సమరయులు కాపాడుకున్న పంచకాండాల్లోనూ (మోషే అయిదు గ్రంథాలు) ‘మనం పొలానికి వెళ్దాం’ అన్న మాట ఉంది. హీబ్రూ ప్రతి రాసేటప్పుడు అది జారిపోయిందని చాలామంది అభిప్రాయం. ఇబ్న్ ఎజ్రా మాత్రం, దేవుడు తనను మందలించిన మాటలనే కయీను వెళ్లి తమ్ముడికి చెప్పాడని ఊహించాడు. రెండూ చెప్పండి. ప్రాచీన ప్రతుల మధ్య చిన్న తేడాలున్నాయని మీ నోట ప్రేమగా వినడం మంచిది. లేకపోతే రేపెప్పుడో ఫోన్‌లో ఎవరో వెటకారంగా పెట్టిన వీడియోలో వింటారు.

అలాంటి తేడాల్లో నాకు అన్నిటికన్నా ఫలవంతంగా అనిపించేది గొల్యాతు ఎత్తు. 1 సమూయేలు 17:4లో మన బైబిల్ ‘ఆరుమూళ్లజేనెడు’ అంటుంది. మూర దాదాపు 45 సెంటీమీటర్లు అనుకుంటే తొమ్మిదిన్నర అడుగులు. సెప్టువజింట్ ముఖ్య ప్రతుల్లో, కుమ్రాన్‌లో దొరికిన సమూయేలు చుట్టలో నాలుగు మూళ్ల జేనెడు అని ఉంది. అంటే ఆరున్నర అడుగుల పైమాట. ఇది విని కొందరు ‘మరి అంత పెద్ద రాక్షసుడు కాదా!’ అని నిరాశపడతారు. అక్కడే ఆగకుండా 1 సమూయేలు 9:2 తీయించండి. ఇశ్రాయేలీయుల్లో అందరికన్నా భుజాలపై నుంచి ఎత్తరి ఎవరు? సౌలు రాజు. రాజ్యంలో అందరికన్నా పొడవైనవాడు, దగ్గర కవచం ఉన్నవాడు, రాజుగా ముందు నడవాల్సినవాడు భయపడి ఊరుకున్నాడు. గొల్యాతు ఎత్తు తగ్గేకొద్దీ సౌలు మౌనం పెద్దదవుతుంది. ఏ కొలత సరైనదో తేల్చకపోయినా, ఆ తేడాను వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు కథలో అసలు ప్రశ్న కనిపిస్తుంది.

గ్రంథాలు ఎప్పుడు, ఎవరు రాశారన్న వివాదాలు కొంచెం జాగ్రత్తగా చూసుకోవాలి. వాటితో క్లాసు మొదలుపెట్టకండి. ఎవరైనా అడిగితే మాత్రం దాటవేయకండి. ఉదాహరణకు యెషయా ప్రవక్త క్రీస్తుపూర్వం ఎనిమిదో శతాబ్దంవాడు. 44, 45 అధ్యాయాల్లో పారసీక రాజు కోరెషు పేరు ఉంది, ఆయన బబులోనును పట్టుకున్నది క్రీ.పూ. 539లో. ఇది ముందుగా చెప్పిన ప్రవచనమని ఒకరు, చెరలో ఉన్న కాలంలో మరో ప్రవక్త పలికిన మాటలని ఇంకొకరు. ఈ సందేహం ఆధునిక అవిశ్వాసులు పుట్టించిందని అనుకోవద్దు, పన్నెండో శతాబ్దంలోనే ఇబ్న్ ఎజ్రా దాన్ని సూచనగా ప్రస్తావించాడు. ఇరువైపులా ఉన్న ఆధారం చెప్పి, ఇద్దరూ ఒప్పుకునేది కూడా చెప్పండి: ‘నా జనులను ఓదార్చుడి’ అన్న 40వ అధ్యాయపు మాట ఇల్లూ ఆలయమూ పోగొట్టుకున్నవాళ్ల కోసం. క్లాసులో ఎక్కువ సమయం ఆ మాట దగ్గరే గడపండి.

హీబ్రూ సంగతి. క్లాసు చెప్పడానికి హీబ్రూ తప్పనిసరి కాదు. వ్యాకరణం అంతా నేర్చుకునే వరకు బోధించకూడదని ఎవరైనా అంటే వినకండి. అక్షరాలు మాత్రం నేర్చుకోండి, ఉన్నవి ఇరవై రెండే. వాటి పేర్లు మీకు సగం తెలిసినవే. 119వ కీర్తనలో ఎనిమిదేసి వచనాలకు పైన ఆలెఫ్, బేత్ అని మన బైబిల్‌లో అచ్చయి ఉంటాయి. ఆ వరుస వచ్చాక 145వ కీర్తన తీయండి. అదీ అక్షరమాల వరుసలో సాగే కీర్తనే, కానీ వచనాలు ఇరవై ఒకటే. పదమూడు, పద్నాలుగు వచనాల మధ్య ‘నూన్’ అక్షరంతో మొదలవ్వాల్సిన వచనం మసోరెటులు కాపాడిన హీబ్రూ పాఠంలో లేదు. సెప్టువజింట్‌లో ఉంది, కుమ్రాన్ కీర్తనల చుట్టలోనూ ఉంది, కాబట్టి నకలు రాసేటప్పుడు జారిపోయిందని చాలామంది ఆధునిక పండితులంటారు. యూదు రబ్బీల బోధల సంకలనమైన తల్మూదులో ఉన్న జవాబు వేరు: ఇశ్రాయేలు కన్యక కూలిపోయిందన్న ఆమోసు 5:2 వచనం ఆ అక్షరంతోనే మొదలవుతుంది, అందుకే దావీదు దాన్ని విడిచిపెట్టి వెంటనే ‘పడిపోవువారినందరిని’ దేవుడు ఉద్ధరిస్తాడని పాడాడట. మీరు కీర్తనల దాకా వచ్చినప్పుడు ఈ రెండు జవాబులూ వెంటనే చెప్పేయకండి. అక్షరాలు ఇరవై రెండు అని మాత్రం చెప్పి, వచనాలు వాళ్లచేతే లెక్కపెట్టించండి.